బరువు పెరగని బొగ్గు

మార్చి పదకొండు, మంగళవారం.

అమ్మకు,

తింటున్నాను, నిద్రపోతున్నాను, చదువుతున్నాను. నువ్వు ఎప్పుడూ అడిగే మూడింటికీ జవాబు ఇదే. మీరూ క్షేమమని రాశావు. ఈ పొద్దున ల్యాబు తెరవగానే తూకం నాకొక వింత చూపించింది. ముందు నీ ఉత్తరానికి జవాబు రాయనీ.

సైన్సు పోటీకని నేను చేసి మీ కార్ఖానాకు పంపిన పెట్టెలో కొబ్బరి చిప్పల బొగ్గు గాలిని ఎలా కడుగుతుందని అడిగావు. కడగదమ్మా, పట్టుకుంటుంది. చిప్పలు కాల్చిన బొగ్గుకు, ఎర్రగా కాగిన కొలిమిలో ఆవిరి పట్టిస్తే ఒళ్లంతా కంటికి కనబడని చిల్లులు పడతాయి. మీ చెప్పుల కార్ఖానాలో జిగురు నుంచి లేచే విషం ఆ చిల్లుల్లో దూరి అంటుకుపోతుంది. అలాంటి బొగ్గును 'ఉత్తేజిత కర్బనం' అంటారు. ఆ మాట విన్న రోజు హాస్టల్ మెట్లెక్కుతూ పదిసార్లు అనుకున్నాను. "బొగ్గులకు కూడా బిరుదులా?" అని నా గదిలో పిల్ల వెక్కిరించింది.

"నీ పెట్టె పెట్టిన వారానికే వాసన పోయిందే తల్లీ! దుమ్ము రాకుండా కిటికీ కూడా మూసేశాం. మేస్త్రీ ఇంకా వాసనే అంటాడు. పొడుం పీల్చే ముక్కు, వాడికేం తెలుసు!" అని రాశావు. పోటీలో వేదికెక్కి అదే చదివాను. చప్పట్లు, మొదటి బహుమతి. దాని కింద నువ్వు రాసిన మాట మాత్రం చదవలేదు: "పాలు మాడినా తెలియలేదు. ముక్కు ఎవరికైనా అరువిచ్చావా అని మీ నాన్న ఒకటే గోల."

నవ్వుకున్నానమ్మా అప్పుడు.

ఇక తూకం సంగతి. నువ్వు తిప్పి పంపిన బొగ్గును ఆరబెట్టి తూచాను. పంపినప్పుడు నాలుగు వందల గ్రాములు. రెండు నెలల తర్వాతా నాలుగు వందలే. అది ఏమీ పట్టుకోలేదు. దానికి నేను ఆవిరే పట్టించలేదు. అప్పటికి కొలిమి దగ్గర నా వంతుకు ఇంకా రెండు వారాలుంది, పోటీ ముంచుకొస్తోంది. మామూలు బొగ్గు నింపి, అట్ట మీద 'ఉత్తేజిత కర్బనం' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పంపాను. పేరు పెట్టాను, పని నేర్పలేదు.

వాసన పోలేదమ్మా. పోయింది నీ ముక్కు. నన్ను నమ్మి కిటికీ కూడా మూసుకున్నావు. మేస్త్రీ ముక్కే నిజం చెప్పింది.

బహుమతిని సర్ బల్ల మీద పెట్టి, పక్కనే తూకం చీటీ ఉంచి వచ్చాను. నీ ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక, ఈ ఉత్తరం బస్సు నడిపే మావయ్య చేతికిస్తున్నాను. సాయంత్రానికి నీకు అందుతుంది. అందగానే మేస్త్రీకి కబురు పెట్టి ఆ కిటికీ తెరిపించు. రేపు నువ్వు పనికి వెళ్లకు. పొద్దున తొలి బస్సుకు వస్తాను. ముక్కు డాక్టరు తలుపు తీసేసరికి మనిద్దరం ఆ గుమ్మంలో ఉండాలి.

ఇట్లు,
నువ్వు నమ్మిన నీ చిన్నది