వెలుగు స్టూడియోలో గ్రాఫిక్స్ కార్డు

రాజోలు,
నవంబరు 24.

దివ్య నాన్నగారికి,

లీలావతి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. దివ్యకి కాకినాడ నర్సింగ్ కాలేజీలో పరీక్షలు దగ్గరపడ్డాయి. మీరు జైలు నుంచి రెండుసార్లు ఫోన్ చేశారని తెలుసు. కావాలనే ఎత్తలేదు. ఎత్తితే ఏం మాట్లాడతానో నాకే తెలియదు. కాగితం మీదైతే అడగవలసింది అడిగి ఊరుకోవచ్చని రాస్తున్నాను.

మీకు శిక్ష పడ్డాక రెండు నెలలు స్టూడియోకి తాళం వేసి ఉంచాను. ఆగస్టు నుంచి నేనే తెరుస్తున్నాను. పాస్‌పోర్టు ఫోటోలు, ఫ్లెక్సీ డిజైన్లు, ఒకటీ అరా పుట్టినరోజు ఆల్బమ్‌లు. పదకొండేళ్ళు ఆ కంప్యూటర్ దగ్గరికి నన్ను రానివ్వలేదు మీరు. ముట్టుకుంటే సెట్టింగులు పోతాయనేవారు. ఏమీ పోలేదు.

ఇప్పుడొక ఫోటో పని ఒప్పుకున్నాను. పాత పెళ్ళి ఫోటోలో గుంపు వెనకాల నిలబడ్డ మనిషి ముఖాన్ని పెద్దది చేసి, తేటగా తీయాలి. దానికి దివ్య ఒక కొత్త సాఫ్ట్‌వేర్ చెప్పింది. వేసి చూస్తే గ్రాఫిక్స్ కార్డు చాలదని చెప్పి ఆగిపోతోంది. జనవరి ఎనిమిది లోపల ఫోటో ఇవ్వాలి. ఆ కంప్యూటర్‌ని మీ చేతులతో కట్టారు కదా. కార్డు మార్చవచ్చా? ఎలాంటిది కొనాలి? పాతది ఎలా తీయాలి? ఇంతే అడుగుతున్నాను.

లీలావతి

*

సెంట్రల్ జైలు,
రాజమహేంద్రవరం,
నవంబరు 30.

ప్రియమైన లీలా,

నీ ఉత్తరం వచ్చిందని పిలిస్తే నమ్మలేదు. పై కవరు మీద నీ అక్షరాలు చూసి చాలాసేపు విప్పలేదు. నేను బాగానే ఉన్నాను. ఇక్కడ ఆఫీసు రికార్డుల గదిలో ఫైళ్ళు సర్దే పనిలో పెట్టారు. ఆదివారం పొద్దున్న ప్రార్థన ఉంటుంది, వెళ్తున్నాను.

స్టూడియో తెరిచావంటే సంతోషమే. కానీ ఒక్క ఫోటో కోసం ఇంత పని ఎందుకు? అమలాపురంలో కంప్యూటర్ షాపు శ్యామ్ బాబుకి పంపితే గంటలో చేసి ఇస్తాడు. ఆ సీపీయూ విప్పడం నీవల్ల కాదని కాదు. ఏదైనా తేడా వస్తే హార్డ్ డిస్కులో ఇన్నేళ్ళ పెళ్ళిళ్ళన్నీ ఉన్నాయి. అందుకే నా భయం.

అయినా అడిగావు కాబట్టి చెబుతాను. ముందు హార్డ్ డిస్కులో ఉన్నదంతా బయట ఇంకో డిస్కులోకి కాపీ చెయ్యి. అది అయ్యేదాకా స్క్రూ ముట్టుకోకు. తరువాత ప్లగ్గు పీకేసి, ఆన్ బటన్ ఒకసారి నొక్కి వదిలెయ్యి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. పక్క రేకు విప్పాక చేత్తో ఇనప భాగాన్ని తాకు, అప్పుడే లోపల చెయ్యి పెట్టు. పాత కార్డు వెనక ఒక స్క్రూ ఉంటుంది. స్లాటు చివర చిన్న ప్లాస్టిక్ కొక్కెం ఉంటుంది. చాలామంది దాన్ని చూడక, బలంగా లాగి విరగ్గొడతారు. దాన్ని నొక్కి పట్టుకుని తిన్నగా పైకి తియ్యి. కొత్తది టక్కుమని శబ్దం వచ్చేదాకా దించు. మానిటర్ తీగ ఆ కార్డుకే పెట్టాలి. కొనేముందు కేబినెట్ లోపల ఎంత పొడుగు పడుతుందో స్కేలు పెట్టి కొలుచుకో.

లీలా, ఒక్కసారి ములాఖత్‌కి రా. ఆ సైకిలు మనిషి సంగతి కోర్టులో ఒప్పుకున్నాను కదా. మలికిపురం పెళ్ళి నుంచి వస్తూ కాలువగట్టు మీద మంచులో కారుతో గుద్దాను, భయపడి ఆగకుండా వచ్చేశాను అని జడ్జి గారి ముందే చెప్పాను. రెండేళ్ళు వేశారు. ఇంకేం చెయ్యమంటావు?

నీ
నతానియేలు

*

రాజోలు,
డిసెంబరు 10.

దివ్య నాన్నగారికి,

మీరు చెప్పినట్టే చేశాను. డిస్కు కాపీ కావడానికే ఒక రోజంతా పట్టింది. రేకు విప్పేసరికి లోపల ఎంత దుమ్ముందంటే, ఏది తీగో ఏది బూజో తెలియలేదు. ఒక మూల చీమలు పుట్ట పెట్టాయి. మీ పెయింటు బ్రష్షు ఒకటి తీసుకుని గంటన్నర దులిపాను. ముక్కుకి కొంగు కట్టుకున్నా మర్నాడంతా తుమ్ములే.

నాకొక పద్ధతి తోచింది. ఏ తీగ తీసే ముందైనా ఫోన్‌లో దానికొక ఫోటో తీసుకుంటున్నాను. అప్పుడు ఏది ఎక్కడిదో వెతుక్కోనక్కర్లేదు. ప్లాస్టిక్ కొక్కెం దొరికింది. మీరు చెప్పి ఉండకపోతే నేనూ విరగ్గొట్టేదాన్నే.

అమలాపురం వెళ్ళి శ్యామ్ బాబు దగ్గర వాడిన కార్డు ఒకటి తెచ్చాను. "మీకెందుకండీ ఈ శ్రమ, సీపీయూ బస్సులో పడేయండి, నేను చూసుకుంటాను," అన్నాడు. వద్దన్నాను. కొలత సరిపోయింది. కాకపోతే ఈ కార్డుకి పక్కన ఆరు పిన్నుల కరెంటు తీగ పెట్టాలట. మన పవర్ సప్లై డబ్బాకి ఆ తీగ లేదు. దానికి శ్యామ్ బాబు ఒక కన్వర్టర్ ఇచ్చాడు. హార్డ్ డిస్కులకి వెళ్ళే తీగలు రెండు కలిపి ఆరు పిన్నులు చేస్తుంది. వచ్చే వారం బిగిస్తాను.

ఇంకేం చెయ్యమంటావు అని అడిగారు. నాకు తెలియదండీ. కానీ ఈ ఫోటో మాత్రం బయటి చేతికి ఇవ్వలేను. ఇది నేను చేయవలసిన పని.

లీలావతి

*

సెంట్రల్ జైలు,
రాజమహేంద్రవరం,
డిసెంబరు 13.

ప్రియమైన లీలా,

ఈ ఉత్తరం నీకు సమయానికి అందాలి దేవా అనుకుంటూ రాస్తున్నాను. ఆ కన్వర్టర్ పెట్టకు. మన పవర్ సప్లై పదకొండేళ్ళ నాటిది, పేరులేని సరుకు. కొత్త కార్డు లాగే కరెంటుకి అది తట్టుకోదు. ముందు మంచి కంపెనీ పవర్ సప్లై, ఆరు పిన్నుల తీగ దానికే ఉన్నది కొని మార్చు. ఆ తరువాతే కార్డు. మొదటి ఉత్తరంలో ఇది రాయకపోవడం నా తప్పు. కార్డు గురించే ఆలోచించాను, దానికి కరెంటు ఇచ్చేదాని గురించి ఆలోచించలేదు.

ఫోన్ చేసి చెప్పాలని చూశాను. ఈ వారం నా వంతు అయిపోయింది.

తీగలకి ఫోటో తీసుకోవడం ఇన్నేళ్ళలో నాకు తోచలేదు. ఎన్నిసార్లు తప్పు తీగ పెట్టి తిట్టుకున్నానో! నిన్ను దగ్గరికి రానిచ్చి ఉంటే ఆ పదకొండేళ్ళూ సుఖపడేవాడిని.

ఇంతకీ ఎవరిదా ఫోటో? అంత పట్టుదల ఎందుకు?

నీ
నతానియేలు

*

రాజోలు,
డిసెంబరు 29.

దివ్య నాన్నగారికి,

మీ ఉత్తరం అందేసరికే అంతా అయిపోయింది. కన్వర్టర్ పెట్టి ఆన్ చేశాను. తెర వెలిగింది, సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. చప్పట్లు కొట్టుకున్నాను, ఒక్కదాన్నే. ఇరవై నిమిషాలకి వెనకాల ఠప్పుమంది. పొగ, కాలిన వాసన. ప్లగ్గు పీకి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఇంకా ఫోటో ఎవరిదో మీకు చెప్పలేదు కాబట్టి ఆ ఏడుపు మీకు అర్థం కాదు.

మర్నాడు మీ ఉత్తరం వచ్చింది. మీరు రాసినటువంటిదే కొత్త పవర్ సప్లై తెచ్చాను. నేను తీసుకున్న ఫోటోలు చూసుకుంటూ పాతది మొత్తం ఊడదీసి, కొత్తది బిగించాను. మధ్యాహ్నం భోజనం మాట మరిచిపోయాను. కార్డుకి ఏమీ కాలేదు, డిస్కుకీ కాలేదు. కంప్యూటర్ బాగా నడుస్తోంది.

ఇప్పుడు ఫోటో సంగతి.

నవంబరులో ఒకావిడ వచ్చి స్టూడియో మెట్టు కింద నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఆరేళ్ళ కిందట మా ఆడపడుచు కూతురి పెళ్ళికి మీరే ఫోటోలు తీసేరండి. అందులో మా ఆయన ఉంటాడండి. ఏడాది వస్తోంది, పటం కట్టించాలి. ఆధార్ కార్డు మీద ఉన్నది తప్ప మా దగ్గర ఇంకోటి లేదండి," అంది.

"ఆయన పేరేంటండీ?" అన్నాను.

"లోవరాజండి. కొబ్బరి దింపు తీసేవాడు."

నేను మెట్టు దిగాను. "ఇది ఎవరి స్టూడియోనో మీకు తెలుసా అండీ?" అన్నాను.

"ఆయ్, తెలుసండి. రెండుసార్లు వచ్చి వీధి చివర నుంచే వెనక్కెళ్ళిపోయేను. ఏం చేస్తానండి, ఫోటో మీ దగ్గరుండిపోయింది."

ఆవిడ అచ్చమ్మ. మీరు గుద్దిన మనిషి భార్య.

సాఫ్ట్‌వేర్ ముఖాన్ని బాగా తేటపరిచింది. మురిసిపోయి అచ్చమ్మ గారిని పిలిపించాను. చాలాసేపు తెర వంక చూసి, "ఎవరండీ ఈయన?" అంది. "మా ఆయనకి ఎడమ కనుబొమ మీద గాటుండాలండి, కొబ్బరి మట్ట గీసుకుంది. పళ్ళు ఇంత తెల్లగా ఉండవండి. చుట్ట తాగేవాడు కదా." తనకి కనపడని చోట ఆ సాఫ్ట్‌వేర్ ఏదో అందమైనది తెచ్చి అతికించేస్తుందని అప్పుడు తెలిసింది. మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాను. మూడు మధ్యాహ్నాలు ఆవిడ పక్కన కూర్చుని చెబుతుంటే, కొంచెం కొంచెం తేటపరిచి, మిగతాది చేత్తో దిద్దాను. మూడో రోజు నేనింకా దిద్దుతుండగానే, "చాలండి, ఇంక ముట్టుకోకండి. వచ్చేసేడు," అని తెర మీద అరచెయ్యి పెట్టింది.

ఫోటో తీసుకుని వెళ్తూ గుమ్మంలో ఆగి అడిగింది. "పాలవాళ్ళు చూసేసరికి ఇంకా ఊపిరుందంటండి. ఆస్పత్రి దార్లో పోయేడు. మీవారు దిగి చూసేరా అండీ? మా ఆయన ఏమన్నా అన్నాడా? ఆఖర్న ఏమన్నాడో తెలీక నాకు ముద్ద దిగట్లేదండి."

మావారు ఆగలేదని కోర్టులో చెప్పారండీ అన్నాను. "మరోసారి అడిగి చూడండి," అని వెళ్ళిపోయింది.

అందుకని అడుగుతున్నాను. ఆ రోజు పొద్దున్న మీరు ఇంటికొచ్చి దూడ తగిలిందన్నారు. నేను బకెట్టు నీళ్ళు తెచ్చి కారు ముందు భాగమంతా నా చేతులతో కడిగాను. అది ఎవరి నెత్తురో మూడో రోజు పోలీసులు వచ్చి చెబితే తెలిసింది. గుద్దినందుకు కాదు, నా చేత అది కడిగించినందుకు మీ ముఖం చూడలేకపోయాను. కారు కడుగుతున్నప్పుడే ఇంకోటి కూడా చూశాను. మీ ప్యాంటుకి రెండు మోకాళ్ళ దగ్గరా బురద ఉంది. కారు ఆపని మనిషికి మోకాళ్ళకి బురద ఎలా అంటుతుందండీ? ఏడాదిగా ఈ ప్రశ్న నాలోనే పెట్టుకున్నాను.

జనవరి పదిన ములాఖత్‌కి పేరు రాయించుకున్నాను. ఈలోగా జవాబు రాయండి.

లీలావతి

*

సెంట్రల్ జైలు,
రాజమహేంద్రవరం,
జనవరి 3.

ప్రియమైన లీలా,

ఆగాను.

పదిగజాల అవతల కారు ఆపి వెనక్కి నడిచి వచ్చాను. ఆయన కాలువ వైపు ఒరిగి పడి ఉన్నాడు. పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను ఒక్క మాట అనలేదు. "కాస్త లేవదియ్యండి బాబూ," అన్నాడు. భుజం కింద చెయ్యి వేసి ఎత్తబోతే నొప్పికి అరిచాడు. "వద్దులెండి. నీళ్ళుంటే ఇవ్వండి. మా ఇంటికి కబురు చెయ్యండి," అన్నాడు. "తెస్తానుండండి," అన్నాను.

కారు దగ్గరికి వచ్చి తలుపు తీశాను. సీటు మీద నీళ్ళ సీసా ఉంది. చేత్తో పట్టుకున్నాను కూడా. అలాగే ఎక్కి కూర్చున్నాను. తాళం తిప్పాను. ఆ మధ్యలో నా మనసులో ఏముందో ఏడాదిగా వెతుకుతున్నాను, దొరకడం లేదు. నిద్ర లేదు, భయం వేసింది అని చెప్పుకోవచ్చు. కానీ మంచులో ఎవరూ చూడలేదన్న సంగతి మాత్రం అప్పుడు నాకు బాగా గుర్తుంది. ఆయన నేను నీళ్ళు తెస్తాననే ఎదురుచూసి ఉంటాడు.

అచ్చమ్మ గారికి ఈ ఉత్తరం ఉన్నదున్నట్టు చదివి వినిపించు. నా మీద జాలిపడి ఒక్క మాట కూడా తగ్గించకు. ఆయన ఆఖరి మాటల్లో ఇంటి తలపు ఉంది, అది ఆవిడకి చెందిన మాట. కబురు చెయ్యవలసినవాడిని నేను. ఏడాది ఆలస్యంగా చేస్తున్నాను.

ఇక్కడి నుంచి వెళ్ళే ఉత్తరాలు అధికారులు చదివి ముద్ర వేశాకే బయటికి వెళ్తాయి. అది తెలిసే రాస్తున్నాను. కోర్టులో అబద్ధం చెప్పానని సూపరింటెండెంటు గారికి చెప్పుకోవడానికి రేపటికి పేరు ఇచ్చాను. శిక్ష పెరుగుతుందో లేదో తెలియదు. దివ్యకి కూడా నువ్వే చెప్పు. బయటివాళ్ళ ద్వారా విననివ్వకు.

కారు నీ చేత కడిగించినందుకు క్షమించమని అడగడం లేదు. అడిగే ముఖం లేదు. పదో తారీఖున వస్తే నువ్వు ఏమడిగినా దాచకుండా చెబుతాను. ఇది చదివాక రాబుద్ధి కాకపోతే నిన్ను తప్పుపట్టను.

ఎనిమిదో తారీఖున ఆయన ఏడాది గడిచాక వాళ్ళింటికి వెళ్ళు. ఈ ఉత్తరం ఆవిడ చేతికిచ్చి వచ్చేయకు. చదివాక ఆవిడ లెమ్మనేదాకా పక్కనే కూర్చో.

నీ
నతానియేలు