మగ్గం ఆగిన చోట

బాపూ,

నువ్వు పోయి ఏడాదైంది. ఇది చదవవని తెలుసు. అయినా నిన్నటి సంగతి నీకు చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

మన వాడకట్టులో నాటకం వేశారు. యుద్ధం సీనుకు సినిమా లెవల్లో మ్యూజిక్ కావాలంటే నేను ఒప్పుకున్నాను. వాయిద్యాలెక్కడివి? మన టేప్‌రికార్డరొకటి, అడిగి తెచ్చుకున్నదొకటి. అమ్మ బిందె నగారా అయింది, ఇత్తడి పళ్లెం తాళాలయింది. ఆ చప్పుళ్లన్నీ క్యాసెట్‌లో ఒక దాని మీద ఒకటి ఎక్కించాను. గుర్రాల పరుగుకు నీ మగ్గం చప్పుడు పెట్టాను. నువ్వుండగా రికార్డు చేసిందే. "గా డబ్బా పక్కకు పెట్టి నూలు కండెలు చుట్టురా" అని తిట్టావు చూడు, ఆ రోజుది.

గుర్రాలు అదరగొట్టాయి. స్టేజీ మీద రాజు బాణం తగిలి ఒరగగానే టక్కున ఆగాయి. జనం ఏడవాలి కదా! మన నేతగాళ్లంతా ఒక్కసారి లేచి నిలబడ్డారు.

"మగ్గం మీద పోగు తెగిందిరో! సూడుండ్రి!" అని మల్లయ్య మామ అరిచాడు. చచ్చిన రాజు కూడా తలెత్తి చూశాడు. అతనూ మగ్గం మనిషే మరి.

అమ్మ కూడా లేచి నడవబోయింది. "ఏడికే అమ్మా?" అన్నాను.

"మీ బాపు మగ్గం ఆపిండు, చాయ్ పెట్టాలె" అని, రెండడుగులేసి నిలబడిపోయింది.

ఈ పొద్దున తనే అడిగింది. "గా పాట మళ్ల పెట్టు బిడ్డా." బటన్ నొక్కబోతే చెయ్యి పట్టుకుంది.

"ఆగేకాడికి మాత్రం రానియ్యకు."