సుగుణక్క చలువ పొడి

డిసెంబరు 6
కీమో ఎర్ర మందు ఎక్కించి అయిదు రోజులైంది. ఈసారి వాంతులు లేవు. నోట్లో పుళ్లూ లేవు! సుగుణక్క ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "చూసినావా చెల్లే, నా పొడి ఎట్ల పనిచేసిందో." యర్రగొండపాలెం నుంచి తాను ఏరి, ఎండబెట్టి, దంచి తెచ్చిన అడవి ఉసిరి పొడి. రెండు పూటలా మజ్జిగలో గుప్పెడు... పైన సి విటమిన్ బిళ్లలు. కీమో వేడికి చలువ చెయ్యాలంట. చాన్నాళ్లకు కడుపునిండా తిన్నాను. సంతోషంతో ఏడుపొచ్చింది.

డిసెంబరు 22
గుంటూరు. మళ్లీ ఎర్ర మందు. డాక్టరమ్మ మెచ్చుకుంటుందని పొడి సంగతి గొప్పగా చెప్పాను. పెన్ను పక్కన పెట్టేసింది. ఈ మందు కణం లోపల తుప్పు పట్టించినట్టు ఆక్సీకరణ ఒత్తిడి పెంచుతుందట. క్యాన్సర్ కణాన్ని చంపే దారుల్లో అదొకటి. ఉసిరి పొడీ బిళ్లలూ అంతంత మింగితే ఆ ఒత్తిడిని తగ్గించి, రొమ్ములో గడ్డను కూడా కాపాడొచ్చట. పచ్చడి ముక్క తింటే ఏం కాదంది, మిగతావి ఆపెయ్యమంది.
నష్టం జరిగిపోయిందా?
"చెప్పలేనమ్మా. స్కాన్ చూద్దాం."

డిసెంబరు 23
నేను హాయిగా ఉన్నన్నాళ్లూ లోపల అదీ హాయిగా ఉందా? ఛీ. చెయ్యి ఊరికే గడ్డ మీదికే పోతోంది. తడిమితే ఏం తెలుస్తుంది...
అక్కతో పొడి వద్దన్నాను, కసురుతూ. ఎందుకో చెప్పలేదు. మొహం ముడుచుకుని వంటింట్లోకి పోయింది.

డిసెంబరు 25
వాంతులు. నోరంతా పూసింది. వాంతులకూ మందు పనిచెయ్యడానికీ సంబంధం లేదని డాక్టరమ్మ చెప్పింది — అయినా హమ్మయ్య అనిపిస్తోంది. పిచ్చెక్కుతోందేమో నాకు.
అక్క చర్చికి పొడి డబ్బా పట్టుకుపోయి, పాస్టరుగారితో దాని మీద ప్రార్థన చేయించుకొచ్చింది. ఇప్పుడెట్ల కాదనేది?
"ఎవరి మీద పంతమే నీకు? ఒక్క చెంచా తాగు."
నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ముళ్లు గీరుకున్న ఆమె చేతులు చూసి మింగేశాను. గ్లాసు తీసుకుని, చాటుగా పారబోశాను.

డిసెంబరు 30
ఇవాళా పారబోశాను. భయం. అక్క మీద కోపం. కోపమొచ్చినందుకు నా మీద అసహ్యం.

జనవరి 12
ఆస్పత్రి వరండా. స్కాన్ రిపోర్టు లోపల డాక్టరమ్మ దగ్గర ఉంది. నేను వద్దన్నా వినకుండా అక్క గిద్దలూరులో నాతోపాటు రైలెక్కింది. ఒళ్లో ఆ డబ్బా.
"లోపలికి నేనూ వస్తా. నా పొడి నీకెంత మేలు చేసిందో ఆమెకు చెప్తా."
ఇప్పుడన్నా చెప్పాలి. ఎక్కడ మొదలుపెట్టేది...
నా పేరు పిలుస్తున్నారు. అక్క నాకంటే ముందే లేచింది.