కడిగి బోర్లించాకే

మార్కాపురం,
14 నవంబర్ 2025.

గుల్నాజ్‌కు ఉమ సలాం.

ఇక్కడ మీ అమ్మ కులాసా, నేను కులాసా, మన ఆఫీసులో ఫ్యాను తప్ప అన్నీ కులాసా. నువ్వు ఫోనెత్తవు కాబట్టి గిద్దలూరు వస్తున్న మీ తమ్ముడు జావీద్ చేతికిస్తున్నాను. చింపేముందు ఒకసారి చదువు.

మన సాఫ్ట్‌వేర్ బాగైంది. సోమవారం నుంచి పలకల వ్యాపారులంతా ఆర్డర్లు అందులోనే పెడతారు. ఈసారి పూచీ నాది.

పలకల వ్యాపారి హరికృష్ణన్న లారీ ఒక ఊరికి బదులు ఇంకో ఊరికి పోయిన రోజు, ఆయన తిట్టాడని బ్యాగు సర్దుకుని గిద్దలూరు పోయి, మీ అమ్మ చెల్లెలు, మీ ఖాలా సెల్‌ఫోన్ల దుకాణంలో కూర్చున్నావు. నిజానికి నీ ఆలోచన మంచిదే. ప్రతి ఆర్డరుకూ కొత్త కాంపొనెంట్‌ను పుట్టించకుండా, కొన్నిటిని ముందే పూల్‌లో సిద్ధంగా ఉంచి, పనయ్యాక వెనక్కి తీసుకుని మళ్లీ వాడటం. మీ అమ్మ బిర్యానీ గుండిగలు అద్దెకిచ్చినట్టే. కానీ తిరిగొచ్చిన గుండిగను కడిగి బోర్లించనిదే మీ అమ్మ లోపల పెట్టదు. అది చూస్తూ పెరిగినదానివి, నీ కాంపొనెంట్‌ను కడగకుండానే పెట్టేశావు కదే! ముందు ఆర్డరు చిరునామా అడుగున అంటుకునే ఉంది, లారీ ఆ ఊరికే పోయింది. చెత్తంతా మనం ప్రోగ్రాం రాసిన ఆ డాట్‌నెట్టే ఊడుస్తుందనుకున్నావు. మనం వదిలేసినవైతే ఊడుస్తుంది, దాచుకున్నవాటి జోలికి రాదు.

ఇప్పుడు ప్రతిదాన్నీ తుడిచాకే పూల్‌లోకి రానిస్తున్నాను. పలకలు కేటాయించటం, లారీ కుదర్చటం రెండూ ఒకే ట్రాన్సాక్షన్. రెండూ జరిగితేనే జరిగినట్టు, ఒకటి ఆగితే రెండోదీ వెనక్కి. నిన్న హరికృష్ణన్నే వచ్చి కూర్చుని, కావాలని అడ్డదిడ్డంగా ఆర్డర్లు పెట్టి చూశాడు. ఒక్కటీ తప్పలేదు. ఇది బాగనే ఉంది గానీ ఆ పాప యాడికి పోయింది, నేనేందో కోపంలో ఒక మాటంటి, అట్ల పోతే ఎట్లమ్మా అన్నాడు.

ఒక్కదాన్నే చేయలేక పిలవటం లేదు. చేయగలనని ఇప్పుడు తెలిసింది. అయినా నువ్వు లేని ఆఫీసు నాకు బాగోలేదు, గుల్నాజ్. సోమవారం పొద్దున్నే రా.

నీ మీద కోపం ఇంకా కాస్త మిగిలిన,
ఉమ

తా.క.: గుమ్మం మీది రాతి బోర్డులో నీ పేరు తీయించేయమని పోతూ పోతూ అన్నావు. తీయించేశానని మెసేజ్ పెట్టాను. అబద్ధం. రాళ్లు చెక్కే ఏబేలన్న ఉలి పట్టుకుని వస్తే టీ తాగించి పంపేశాను. నువ్వు పోవటం, నీ పేరు పోవటం రెండూ ఒకే ట్రాన్సాక్షన్. రెండోది జరగలేదు.