మెలే వేయని ఓటు

శుక్రవారం రాత్రి, కార్ల్స్‌రూహె, జర్మనీ.
క్వారంటైన్ తొమ్మిదో రోజు.

భావి చరిత్రకారుల సౌకర్యార్థం నేరం ఒప్పుకుంటున్నాను. మహేశ్ పుట్టినరోజు బిర్యానీకి వెళ్ళి కరోనా తెచ్చుకున్నది నేను. నా వల్ల ఫ్లాట్‌మేట్ మెలే కూడా ఇంట్లోనే ఇరుక్కుంది. పసిఫిక్‌లో ఉన్న తన చిన్న దీవికి వెళ్ళి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయాల్సిన పిల్ల. ఆమె ఎక్కాల్సిన విమానం ఆమె లేకుండానే వెళ్ళిపోయింది.

ఈరోజు ఫలితం వచ్చింది. అక్కడ పోటీ చేసిన మెలే నాన్నకూ ఆయన ప్రత్యర్థికీ సరిసమానంగా ఓట్లు పడ్డాయట. చీటీ తీశారు. నాన్న ఓడిపోయారు.

మహేశ్‌కి ఫోన్ చేస్తే, "ఒక్క బిర్యానీతోని దేశం తలరాతే మార్చినవ్ కదరా" అన్నాడు. నవ్వాను, కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

సాయంత్రం మెలే రోజూలాగే నా తలుపు ముందు సూప్ పెట్టింది. లోపలి నుంచే క్షమాపణ చెప్పాను.

"నేను వెళ్ళినా అవతలాయనకే వేసేదాన్ని. మా నాన్నకు చెప్పకు," అంది.

పది నిమిషాలు హాయిగా సూప్ తాగాను. ఇప్పుడు గోడ అవతల మెలే వాళ్ళ నాన్నతో ఫోన్‌లో మాట్లాడుతోంది. ఆ భాష నాకు రాదు. ఆమె ఏడుపు మాత్రం అర్థమవుతోంది.

ఆ మాట నిజమో, జబ్బుమనిషి ఊరట కోసం చెప్పిందో. రేపు ముఖం చూసి అడగాలంటే, ముందు తలుపు తీయాలి...