ఎలీషా సరిచేసిన అంకె

పటమట,
శుక్రవారం.

చిరంజీవి పవన్‌కుమార్‌కు అక్క ఛాయాదేవి దీవెనలు. అమ్మ, మీ బావ, నేను ఇక్కడ క్షేమమే అని రాయాలి కదా, రాస్తున్నాను. ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోనులో అయితే రెండు మాటలకే నా నోరు మూయిస్తావు.

నీ మెయిలు చదివాను. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగావు. మందు రాసుకుంటోంది, రావడం లేదని నిన్ను తిట్టుకుంటోంది. రెండూ మానలేదు.

రత్తయ్యగారి సంగతీ అడిగావు. ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు బాగుచేసే మనిషి. మా ల్యాబ్ రిపోర్టులో షుగర్ మామూలుగా ఉందని ఇన్సులిన్ మానేసి, షెడ్డులోనే పడిపోయారు. తెలివి వచ్చింది గానీ ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు. ఆయన భార్య కనకలక్ష్మి కౌంటర్ దగ్గరికొచ్చి నన్ను ఒక్క మాట తిట్టలేదు. రిపోర్టు ముందు పెట్టి, "ఇది మీరిచ్చిందేనాండీ?" అని మాత్రం అడిగింది. అప్పట్నుంచి నాకు అన్నం సయించడం లేదు.

"టెక్నీషియన్ ఎలీషా సేవ్ చేయడం మరిచిపోయుంటాడు, అంతే కదా అక్కా?" అని రాశావు. కాదురా. మొదట తప్పుగా పడిన అంకెను మళ్లీ పరీక్ష చేసి అతనే సరిచేశాడు. సేవ్ అయిందని తెరమీద పడింది, పక్కనే ఉండి నేనూ చూశాను. అంతలో కరెంటు పోయింది. ఇన్వర్టరేమో డాక్టరుగారి గదికే ఉంది, మా కంప్యూటర్ రాస్తూ రాస్తూనే ఆరిపోయింది. కరెంటు వచ్చాక, నువ్వు రాసిచ్చిన ప్రోగ్రాములో రిపోర్టులన్నీ ఉండే ఫైలు తెరుచుకోలేదు. నువ్వు నేర్పినట్టే రిపేర్ బటన్ నొక్కాం. పాత అంకే మిగిలింది, అదే రిపోర్టులో అచ్చయి వెళ్లిందని మాకు తర్వాతే తెలిసింది.

ఫైలు డాక్టరుగారి కంప్యూటర్లో ఉంటుందనీ, మిగతా కంప్యూటర్లన్నీ నేరుగా దాన్లోనే రాస్తాయనీ నువ్వే చెప్పావు. ఆవకాయ జాడీలో ఇంటిల్లిపాదీ చేతులు పెట్టడమే కదరా అది! అమ్మ మనల్ని జాడీ ముట్టనిచ్చేదా? తనే తీసి వడ్డించేది. సర్వర్ పెడితే అలాగే ఉంటుందన్నావు. ఫైలు ముట్టేది అదొక్కటే, తక్కినవి దాన్ని అడుగుతాయి, అది రాసుకున్నాకే సేవ్ అయిందని చెబుతుంది. మరి పెట్టవేమిరా అంటే, "నాలుగు కంప్యూటర్ల ల్యాబ్‌కి అంత హంగామా ఎందుకక్కా" అన్నావు.

ఇక అసలు మాట రాయక తప్పదు. డాక్టరుగారు ఎలీషాను పనిలోంచి తీసేస్తానన్నారు. "సేవ్ చేశానండీ, ఒట్టండీ" అంటూ నిలబడ్డాడు గానీ, నేను చూశానని మాత్రం అనలేదు. నిన్ను ఇరికించలేక నేను తల దించుకుంటానని అతనికి తెలుసు. దించుకోలేకపోయాను.

"ఎలీషా తప్పు లేదండీ. మా తమ్ముడి ప్రోగ్రాముదే తప్పండీ" అన్నాను.

"తెలిసే అంటున్నారా, ఛాయాదేవిగారూ?"

"తెలిసే అంటున్నానండీ."

నీ నోటి దగ్గర కూడు తీశాననుకుంటావు. నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని, నాకు మాత్రం ఏడుపు రాలేదనుకున్నావా?

గన్నవరం ఆసుపత్రిలో ఇదే ప్రోగ్రాము పెడుతున్నానని సంబరంగా రాశావు. పెట్టకు. సర్వర్ మీదికి మార్చాకే ఇస్తానని నువ్వే చెప్పు, నీ మర్యాద నిలుస్తుంది. నువ్వు చెప్పకపోతే నేనే వెళ్లి చెబుతాను. కోపమొస్తే నాతో మాట్లాడకు. వాళ్లతో మాత్రం మాట్లాడు.

ఇట్లు,
నీ మీద ప్రేమ రవ్వంత కూడా తగ్గని
అక్క