తూర్పు వైపు నుంచే ఎక్కుదాం

అడిలైడ్,
ఫిబ్రవరి 12, 1983.

ప్రియమైన మెర్నా,

ఈ ఉత్తరాన్ని టపా విమానం దగ్గరే నిలబడి చించకు. ఇంట్లోకి వెళ్లి, తలుపేసుకుని, కూర్చుని చదువు. చదివాక రేడియోలో ఒక్క ముక్క కూడా అనకు. మామూలు ఇళ్లలో గోడలకి చెవులుంటే, మీ ఎడారి అంచున రేడియోకి ఉంటాయి. పొద్దుటి చిలకల గోలలో, అదే మీ ఆడవాళ్ల రేడియో కబుర్లలో, నువ్వొక్క తుమ్ము తుమ్మితే చాలు, వంద మైళ్ల అవతలి ఆడవాళ్లు కూడా కషాయం ఎలా కాచుకోవాలో చెప్తారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

సంగతేమిటంటే, ఈ జూలైలో మనం ఎడారి దాటుతున్నాం. మనం అంటే నువ్వూ నేనూ, నా చెల్లెలు గ్వెన్, మా వీధి చివర రోనా. నా జీపు ఒకటి, రోనా జీపు ఒకటి. రెండిటికీ నాలుగు చక్రాలూ లాగుతాయి. నాకే మోకాళ్లు లాగుతున్నాయి, అది వేరే విషయం.

కిందటేడు నీ దగ్గర వారం రోజులున్నాను కదా. ఎడారి దాటి వచ్చిన కుర్రాళ్లు నీ బల్ల చుట్టూ కూర్చుని, ఇసుక తిన్నెలు ఎలా ఎక్కారో, అవతల వేడినీటి ఊటలో ఎలా ఈతకొట్టారో గొప్పలు పోతుంటే, నువ్వు కెటిల్ పట్టుకుని నిలబడే విన్నావు. వాళ్లు వెళ్లాక, "ముప్ఫై ఏళ్లుగా వింటున్నానే, ఆ ఊటలో ఒక్కసారి కాళ్లు పెట్టాలని ఉంది" అన్నావు. నర్సు శిక్షణలో మనిద్దరం ఒకే గదిలో ఉన్న రోజుల నుంచీ, నువ్వు నోరు తెరిచి నాకిది కావాలని అడగ్గా వినడం అదే మొదటిసారి. ఆ మాట నన్ను వదల్లేదు.

అందరూ పడమటి నుంచి బయల్దేరతారు. అటువైపు తిన్నెలు ఏటవాలుగా ఉంటాయి, బండి తేలిగ్గా ఎక్కుతుంది. కానీ అలా వస్తే మేమూ అందరిలాగే నీ వంటింట్లో తేలతాం, నువ్వు మాకూ టీ పోస్తావు. నాకు ఆ టీ అక్కర్లేదు. చుట్టూ తిరిగి రోడ్డున మీ గేటు దాకా వస్తాం. అక్కణ్నుంచి, నిట్టనిలువుగా ఉన్నా సరే, తూర్పు వైపు నుంచే ఎక్కుదాం. "నీకు పిచ్చి పట్టిందా?" అంది రోనా. "పట్టింది, నువ్వు జెండా కర్ర కొనుక్కో" అన్నాను.

వెంటనే జవాబు రాయి.

మన శిక్షణ గదిలో అద్దం మొత్తం నాదేనని పోట్లాడిన
నీ ఐల్సా


పెలికన్ వెల్ పశువుల క్షేత్రం,
మార్చి 3.

ప్రియమైన ఐల్సా,

విమానం దగ్గరే చించాను. పైలట్ కుర్రాడు "ఏమిటమ్మా, ఎవరైనా పోయారా?" అని కంగారుపడ్డాడు. అంతలా ఏడ్చానన్నమాట. తర్వాత వెళ్లి గొర్రె కూర మాడ్చాను. ఇన్నేళ్లలో నేను కూర మాడ్చడం ఇదే మొదలని కాపరులు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

తూర్పు వైపు నుంచి ఎక్కడం ఆటలు కాదు. నేను ఎక్కకపోయినా, ఎక్కలేక వెనక్కి వచ్చినవాళ్లకి ఎంతమందికి అన్నం పెట్టానో! రోనాకి చెప్పు, నగరం గాలంతా టైర్లలో నింపుకుని వస్తే మొదటి తిన్నె దగ్గరే కూరుకుపోతుంది. గాలి సగానికి పైగా తీసేయాలి. టైరు పొట్ట జారినట్టు కనపడాలి, మనలాగా. జెండా బండి ముందు ఎత్తుగా ఎగరాలి, లేకపోతే తిన్నె కొన మీద ఎదురొచ్చే బండి మనల్ని చూడదు. ఎక్కడం మొదలుపెట్టాక మధ్యలో ఆలోచించకూడదు. అనుమానం వస్తే వెనక్కి తిన్నగా దిగిపోవాలి, పక్కకి తిప్పారో బండి దొర్లిపోతుంది. చూడు, అప్పుడే నీకు పాఠాలు చెప్తున్నాను.

ఒక్కటే చిక్కు. జూలై అంటే మందల్ని పోగుచేసే కాలం. ఎడారి చల్లబడే నెలలూ, మా పని తెమలని నెలలూ ఒక్కటే. కాపరులందరికీ మూడు పూటలా వండేదాన్ని నేనొక్కత్తినే. మా ఆయన ఉన్నాడుగా, క్లెమ్ ఏమంటాడో చూడాలి.

అన్నట్టు, నువ్వు పంపిన నిమ్మ మిఠాయి కుక్క తినేసింది. మళ్లీ పంపు.

ప్రేమతో,
మెర్నా


అడిలైడ్,
మార్చి 20.

ప్రియమైన మెర్నా,

"ఏమంటాడో చూడాలి" అంటే చూస్తూ కూర్చుంటావా? అడుగు! క్లెమ్ మంచివాడే, కాదనను. కానీ మీ పెళ్లిలో నేనతనితో డాన్సు చేసినప్పుడు, పాట మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా ఒకే ఒక్క మాట అన్నాడు. "సారీ." అదీ నా కాలు తొక్కాక. అలాంటి మనిషి తనంతట తను "వెళ్లిరా మెర్నా" అంటాడని కాచుకుంటే మనకి కాటికి వెళ్లే వయసొస్తుంది.

ఇక్కడ రోనా తప్పుకుంది. మోకాలు నొప్పి అంటోంది. నాకు తెలిసి ఆ మోకాలికి నొప్పి లేదు, నిలువు తిన్నెలంటే భయం. ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టు, జెండా కర్ర మాత్రం కొని పంపింది.

గ్వెన్ నాతోనే వస్తుంది, కాబట్టి ఇప్పుడు నా జీపొక్కటే మిగిలింది. ఒంటి బండితో ఎడారిలోకి పోకూడదని నీకు నేను చెప్పాలా? కూరుకుపోతే లాగేదెవరు? మీ షెడ్డులో పాత జీపు ఒకటుంది, నువ్వే బాగుచేసి నడుపుతావు. రెండో బండి అదే, దానికి డ్రైవరు నువ్వే. నువ్వు రాకపోతే ప్రయాణమే లేదు. ఇది బెదిరింపు కాదు. సరే, బెదిరింపే.

నిమ్మ మిఠాయి రెండు డబ్బాలు పంపుతున్నాను. ఒకటి కుక్కకి.

నీ ఐల్సా


పెలికన్ వెల్,
ఏప్రిల్ 14.

ప్రియమైన ఐల్సా,

అడిగాను. కుదరదన్నాడు.

"అక్కడేముంది? ఇసుకే కదా. ఇక్కడ లేదా ఇసుక?" అన్నాడు. "మనుషుల్ని ఆకలికి మాడ్చి నువ్వు ఊటలో కాళ్లాడిస్తావా? ఈ వయసులో ఇదేం సరదా?" అన్నాడు. నేను మళ్లీ ఎత్తలేదు. నువ్వూ ఎత్తకు. రేడియోలో అసలే వద్దు, నలుగురూ నవ్విపోతారు.

రోనా మోకాలిని బతిమాలుకో. లేదా ఇంకెవరినైనా వెతుక్కో. మీరు దాటి వచ్చి నాకు అంతా చెప్పండి. నీ అంత బాగా ఎవరూ చెప్పలేరు.

కోపం తెచ్చుకోకు. ఈ వారం రెండు వానలు పడ్డాయి, ఎర్రనేల మీద పసుప్పచ్చ పూలు లేచాయి. నీకు చూపించాలనిపించింది.

మెర్నా


అడిలైడ్,
మే 2.

ప్రియమైన మెర్నా,

కోపం వచ్చింది. నీ మీద కాదు. తను తీసుకెళ్లడు, మేం తీసుకెళ్తామంటే పంపడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. ఇన్నేళ్లు ఇల్లు మోసిన మనిషికి రెండు వారాలు ఇవ్వలేడా?

నీ పొరుగున ఉన్న ఓరియల్‌కి ఉత్తరం రాశాను. పెద్దావిడ, క్లెమ్ ఆవిడ మాట వింటాడు. ఎక్కడైనా కలిసినప్పుడు చాటుగా నచ్చజెప్పమన్నాను. నీ పేరు బయటికి రానివ్వద్దని మూడుసార్లు రాసి, కింద గీత కూడా గీశాను.

నువ్వు లేకుండా నేను ఆ ఎడారి దాటను. అటువైపు ఏముందో చూడాలన్న ముచ్చట నాది కాదు, నీది.

ఐల్సా


పెలికన్ వెల్,
మే 21.

నా ప్రియమైన ఐల్సా,

ఓరియల్ నోట్లో నువ్వుగింజ నానదని నీకు ఎవరూ చెప్పలేదా? నువ్వు గీత గీసినా, గోడ కట్టినా ఆవిడ ఆగేది కాదు.

బుధవారం పొద్దున్న చిలకల గోల మొదలైంది. నేను పిండి కలుపుతూ వింటున్నాను. వాన సంగతులయ్యాయి, ఎవరి పిల్లకో అమ్మవారు పోసిన సంగతయింది. అప్పుడు ఓరియల్ అందుకుంది. "విన్నారా? మన మెర్నాకి ఎడారి దాటాలని ప్రాణం కొట్టుకుంటోందిట. క్లెమ్ ససేమిరా అన్నాడుట. ఈ వయసులో ఇదేం సరదా అన్నాడుట! ఇది మొద్దు, నోరు మూసుకుని రొట్టెలు కాలుస్తోంది" అంది. క్లెమ్ మందలు పోగుచేసే శిబిరానికి వెళ్లాడని ఆవిడకి తెలుసు. శిబిరంలో లారీకి కూడా రేడియో బిగించారని తెలియదు.

ఇక చూడు. "ముప్ఫై ఏళ్లు వండించుకున్నవాడికి ఆ మాట ఎలా వచ్చింది?" అని ఒకావిడ. "మా ఆయనైతే కెటిల్ విసిరేదాన్ని" అని ఇంకొకావిడ. "పైకి పిల్లిలా ఉంటాడు, లోపల ఇంతుందా!" అని మరొకావిడ. నాకు తల కొట్టేసినట్టయింది.

ఐల్సా, క్లెమ్ ఆ మాటలు అనలేదు. అతన్ని నేను అసలు అడగనే లేదు.

ఇసుకే కదా అన్నదీ, ఈ వయసులో ఇదేం సరదా అన్నదీ నేనే. నాకు నేను చెప్పుకున్నవి తీసుకెళ్లి అతని నోట్లో పెట్టాను. నాకు భయం. విని విని ఆ అవతలి ఒడ్డుని లోపల ఎంతో అందంగా కట్టుకున్నాను, వెళ్లి చూస్తే అదేమీ లేకపోతే? అది చిన్న భయం. పెద్దది ఇంకోటి ఉంది. నేను లేకుండా కూడా ఇక్కడ పొయ్యి వెలిగి, పని సాగిపోతే, ఇన్నేళ్లూ నేను లేకపోతే గడవదని అనుకున్నదంతా ఏమవుతుంది? ఈ మాట నీకు కూడా రాయలేక, తేలికని మొగుడి మీద పెట్టేశాను.

రేడియో మీట నొక్కి నిజం చెప్పాల్సింది. పిండి చేతులతో అలాగే నిలబడిపోయాను. అంతలో రేడియోలో మగ గొంతు. ఇన్నేళ్లలో క్లెమ్ ఆ వేళప్పుడు ఒక్కసారీ మాట్లాడలేదు.

"క్లెమ్‌ని మాట్లాడుతున్నాను" అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "ఓరియల్ చెప్పింది నిజమే. నేను వద్దన్నాను. అనకూడని మాటే అన్నాను. ఇప్పుడు మనసు మార్చుకున్నాను. మెర్నా వెళ్తుంది, పాత జీపు తీసుకెళ్తుంది. శిబిరంలో వంట నేను చేస్తాను. నిప్పుల్లో రొట్టె ఎలా కాలుస్తారో ఎవరైనా చెప్పండి. మెల్లగా చెప్పండి, రాసుకుంటాను. ఓవర్."

అంతే, అందరూ ఒకేసారి రొట్టె చెప్పడం మొదలుపెట్టారు. ఎవరి ఉప్పు ఎవరి పిండిలో పడిందో దేవుడికెరుక. "క్లెమ్, నువ్వు బంగారానివయ్యా!" అని అంతకుముందు తిట్టినావిడే అంది.

సాయంత్రం అతను శిబిరం నుంచి వచ్చి, గుమ్మంలో బూట్లు విప్పుతూ కూర్చున్నాడు. నేను ఎదురుగా నిలబడ్డాను. "నేను నిన్నెప్పుడు అడిగాను క్లెమ్? నువ్వెప్పుడు వద్దన్నావు? ఊరందరి ముందూ ఎందుకలా చెప్పావు?" అన్నాను.

"మరి నిన్ను అబద్ధాలకోరని అనిపించనా?" అన్నాడు. రెండో బూటు విప్పి పక్కన పెట్టాడు. "అయినా అది అబద్ధమూ కాదులే. ముప్ఫై ఏళ్లలో నన్నొక్క మాట అడగొచ్చని నీకు అనిపించలేదంటే, నేను వద్దన్నట్టే కదా."

నేను ఆ గుమ్మంలోనే అతని పక్కన కూలబడి ఏడ్చాను. అతను నా వీపు మీద చెయ్యి వేసి, ఆవుని సముదాయించినట్టు తడుతూ కూర్చున్నాడు. అతనికి తెలిసిన పద్ధతి అదొక్కటే.

మొదటి రొట్టె నిన్న కాల్చాడు. ఆ రొట్టెతో మేకులు కొట్టొచ్చు. కాపరులు కిమ్మనకుండా తిన్నారు.

నాకు ఇంకా భయంగానే ఉంది. అయినా జీపు కిందకి దూరి నూనె మార్చాను, రోనా జెండా కర్రకి చోటు కూడా చూసి పెట్టాను. తొందరగా రా.

వస్తున్నాను ఐల్సా.

నీ
మెర్నా